క్యాబిన్ బుక్కయినంత మాత్రాన

కాలిఫోర్నియా తూర్పున ఉత్తర దక్షిణాలుగా 600 కిలోమీటర్లకు పైగా సాగే సియెరా నెవాడా పర్వతాల్లో, 2,000 నుంచి 3,000 మీటర్ల ఎత్తులో, పైన్, ఫర్ చెట్ల అడవులు దట్టంగా ఉంటాయి. యోసెమిటీ, సెకోయా, కింగ్స్ కాన్యన్ నేషనల్ పార్కులూ వాటిని ఆనుకున్న నేషనల్ ఫారెస్టులూ ఈ పట్టీలోనివే. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా తెలుగు కుటుంబాలకు ఏడాదికో లాంగ్ వీకెండ్ ఇక్కడ క్యాబిన్ తీసుకుని గడపడం ఆనవాయితీ అయింది. మూడు నాలుగు కుటుంబాలు, ఆరు నెలలు ఉండి వెళదామని ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు, ఐస్ బాక్సులు, పులిహోర డబ్బాలు. ఈ ప్రయాణాల మీద ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ప్లానింగ్ టెంట్ వేసుకునేవాళ్ల తలనొప్పి అనీ, క్యాబిన్ అయితే బుక్ చేసుకోగానే సగం కాదు, మొత్తం పనైపోయినట్టే అనీ.

దీనికి చెప్పే కారణాలు మూడు. మొదటిది: టెంట్‌తో వచ్చే బాధలు క్యాబిన్‌తో ఉండవు. చదునైన నేల వెతకనక్కర్లేదు, వాన పడితే బొంతలు తడవవు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కింద పడుకోనక్కర్లేదు, పసిపిల్ల అర్ధరాత్రి ఏడిస్తే పక్క టెంట్లు లేవవు. రెండోది: ఇందులో నిజంగా కష్టమైన పని క్యాబిన్ దొరకడమే. ఫారెస్ట్ సర్వీస్ క్యాబిన్లు చాలావరకు ఆరు నెలల ముందు బుకింగ్‌కు తెరుచుకుంటాయి, పేరున్నవి నిమిషాల్లో అయిపోతాయి. దాన్ని గెలిచినవాళ్లకు మిగిలింది సామాను సర్దుకోవడమే. మూడోది, అందరినీ నోరెత్తకుండా చేసేది: ఇంతమంది వెళ్లొచ్చారు, ఎవరికేమైంది?

మొదటి రెండు కారణాల్లోనూ నిజం ఉంది. మూడోది సగం నిజం. ఈ మూడింటినీ కలిపి తీసిన తీర్మానం మాత్రం తప్పు. క్యాబిన్ తీర్చేవి నేల, వాన, పడక అనే మూడు ఇబ్బందులు. ఎత్తైన అడవిలో మనిషిని పడగొట్టేవి పలచని గాలి, రాత్రి చలి, ఆ చలికి వెలిగించిన మంట, ఎలుకలు, తెగిపోయే దారి. వీటిలో ఏ ఒక్కదాన్నీ కప్పు ఆపదు. రెండిటిని కప్పే పెంచుతుంది.

1. క్యాబిన్ అన్న మాట దేన్నీ చెప్పదు

సత్రం అన్నప్పుడు భోజనం పెట్టే సత్రమూ సత్రమే, అరుగు మాత్రం ఇచ్చే సత్రమూ సత్రమే. క్యాబిన్ కూడా అంతే. యోసెమిటీలో 2,600 మీటర్ల ఎత్తున ఉన్న టువాలమీ మెడోస్ లాడ్జ్ పేరు వింటే హోటల్ అనిపిస్తుంది. అక్కడ ఉండేవి చెక్క, సిమెంటు అరుగుల మీద లేపిన కాన్వాస్ గుడారాలు. లోపల మంచాలు, ఒక కట్టెల పొయ్యి ఉంటాయి, కరెంటు ఉండదు, స్నానాల గదులు అందరికీ కలిపి వేరే చోట. కింగ్స్ కాన్యన్‌లోని గ్రాంట్ గ్రోవ్‌లో ఒకే ఆవరణలో సొంత బాత్‌రూమ్ ఉన్న క్యాబిన్లూ లేనివీ ఉన్నాయి, కాన్వాస్‌వీ ఉన్నాయి. ఫారెస్ట్ సర్వీస్ అద్దెకిచ్చేవాటిలో చాలా వరకు ఒకప్పటి గార్డుల ఇళ్లు, మంటలను కనిపెట్టే కావలి గదులు. వాటిలో కొన్ని 1930లలో సివిలియన్ కన్సర్వేషన్ కోర్ అనే ప్రభుత్వ ఉపాధి పథకం కుర్రాళ్లు కట్టినవి. వీటిలో చాలాచోట్ల కుళాయి ఉండదు, పరుపు మీద దుప్పటి ఉండదు, మరుగుదొడ్డి బయట గుంట మీద. కొలరాడోలో 2,950 నుంచి 3,550 మీటర్ల మధ్య ఉన్న టెన్త్ మౌంటెన్ డివిజన్ హట్స్‌లో శీతాకాలపు అతిథులు మంచు కరిగించుకుని తాగాలి. ఇవన్నీ బుకింగ్ పేజీలో ఒకే పేరు కింద, ఒకేలాంటి అందమైన ఫొటోలతో కనిపిస్తాయి.

బుక్కయింది కాబట్టి పనైపోయిందనుకున్న కుటుంబం ఈ తేడా చదవదు. రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్, ఇన్‌స్టంట్ పాట్ కారులో ఎక్కుతాయి, అక్కడ ప్లగ్గే ఉండదు. ఇది నవ్వుకోదగ్గ సంగతే. నిద్రలో శ్వాస కోసం సీప్యాప్ మెషిన్ వాడే పెద్దాయన, ఫ్రిజ్‌లో పెట్టాల్సిన ఇన్సులిన్ తెచ్చుకున్న పెద్దావిడ అదే కారులో ఉంటే నవ్వులాట కాదు. యోసెమిటీ వ్యాలీలోని కర్రీ విలేజ్ టెంట్ క్యాబిన్లలో వంటే నిషేధం అన్నది కూడా చాలామందికి పొయ్యి బయటకు తీశాకే తెలుస్తుంది.

2. గాలి గోడల్లోంచి వస్తుంది

మొదటి కారణంలోని అసలు లోపం ఇక్కడుంది. టెంట్ కష్టం, క్యాబిన్ సుఖం అన్న పోలిక ఒకే ఎత్తులో ఉన్న రెండు పడకలను పోలుస్తుంది. ఆ రెండు పడకల మీదా గాలి ఒకటే. గాలిలో ఆక్సిజన్ వంతు ఎక్కడైనా 21 శాతమే, తగ్గేది ఒత్తిడి. 2,600 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో నాలుగింట మూడు వంతులే. దేవదారు పలకలతో కట్టిన గదిలోనైనా అంతే.

అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం కొలరాడోలో సుమారు 2,450 మీటర్లకు పైన నిద్రపోయే సందర్శకుల్లో నాలుగింట ఒక వంతు మందికి ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ వస్తుంది. తలనొప్పి, వికారం, నీరసం, నిద్ర పట్టకపోవడం దాని గుర్తులు. ఎక్కగానే రాదు, కొన్ని గంటల తర్వాత, తరచు మొదటి రాత్రి వస్తుంది. ఇందులో కీలకమైన మాట 'నిద్రపోయే'. పగలు ఏ శిఖరం దాకా నడిచారన్నది కన్నా రాత్రి ఏ ఎత్తులో పడుకున్నారన్నది ముఖ్యం. అందుకే పల్లపు ప్రాంతం నుంచి ఒక్క రోజులో 2,750 మీటర్లు దాటి పడుకోవద్దని అదే సంస్థ సలహా. ఈ లెక్కన క్యాబిన్ ఎంపిక అంటే పడక ఎత్తు ఎంపిక. తూర్పు సియెరాలో రాక్ క్రీక్ లోయలోని క్యాబిన్లు 2,800 మీటర్లు దాటి ఉన్నాయి. ఫ్రీమాంట్‌లోనో సన్నీవేల్‌లోనో, సముద్రానికి దాదాపు సమంగా ఉన్న ఇంట్లో పొద్దున టిఫిన్ తిని బయల్దేరిన కుటుంబం చీకటిపడేసరికి అక్కడ పక్కలు వేసుకోగలదు. బుకింగ్ చేసినవారి దృష్టిలో మంచి రోడ్డు, మంచి గది. శరీరం దృష్టిలో ఒక్క పూటలో దాదాపు మూడు కిలోమీటర్ల నిలువు ఎక్కుడు.

తెలుగువారికి ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. తెలుగు నేల మీద ఈ జబ్బు తెచ్చేంత ఎత్తు ఎక్కడా లేదు. తిరుమల వెయ్యి మీటర్ల లోపే. లంబసింగి చలి ఎంత పేరున్నదైనా దాని ఎత్తు వెయ్యి మీటర్లకు అటూ ఇటూ. పాడేరు వైపు తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తైన అర్మ కొండే 1,700 మీటర్లకు చేరదు. వేసవి విడిది అనగానే గుర్తొచ్చే ఊటీ 2,240 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. కాబట్టి ఇంట్లో పెద్దలు చెప్పిన జాగ్రత్తల మూటలో ఈ ఒక్క జాగ్రత్త లేదు. కొండ ఎక్కిన సాయంత్రం తల పగిలిపోతున్నా, కడుపులో తిప్పినా, దానికి ఇంటి వైద్యం సిద్ధంగా ఉంటుంది: ఘాట్ రోడ్డు మలుపులకు కళ్లు తిరిగాయి, దారిలో తిన్నది పడలేదు, గ్యాసు, ఎండదెబ్బ. ఒక మజ్జిగ గ్లాసు, ఒక మాత్ర, దుప్పటి కప్పుకుని పడుకోమని సలహా. పడుకోవడం వల్ల ఎత్తు తగ్గదు.

ఆరోగ్యవంతులకు రాదన్న నమ్మకం కూడా తప్పే. రోజూ పరుగెత్తే పాతికేళ్ల కుర్రాడికి రావచ్చు, వాళ్ల నాన్నకు రాకపోవచ్చు. దేహదారుఢ్యం దీనికి రక్ష కాదు. అయితే గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దలు వెళ్లవచ్చా అన్నది వేరే ప్రశ్న. దాన్ని డాక్టరును అడగాల్సింది బుకింగ్‌కు ముందు. నివారణకు అసెటజోలమైడ్ అనే మందు ఉంది, అదీ డాక్టరు రాసివ్వాల్సిందే, ఎక్కడానికి ముందే మొదలుపెట్టాల్సిందే. కొండ మీద తెల్లవారుజామున గుర్తొస్తే దొరికే దుకాణం ఉండదు. మందు కన్నా తేలికైన ఉపాయం దారిలో ఒక రాత్రి ఆగడం. 1,200 మీటర్ల ఎత్తున్న యోసెమిటీ వ్యాలీలో మొదటి రాత్రి, పైన రెండో రాత్రి. మొదటి రెండు రోజులు మందు పార్టీ, పెద్ద నడక వద్దు. ఇది ఖర్చు లేని జాగ్రత్త. కానీ మూడు రోజుల సెలవులో మూడు రాత్రులూ పై క్యాబిన్‌కే బుక్ చేసినవారికి ఆ జాగ్రత్త తీసుకునే చోటే మిగలదు. ప్లాన్ బుకింగ్ తర్వాత అన్నవారు గమనించని సంగతి ఇదే: తర్వాత వేయాల్సిన ప్లాన్‌ను బుకింగ్ ముందే చెరిపేసింది.

3. చలి, ఆ తర్వాత కుంపటి

"జూలైలో కాలిఫోర్నియాలో చలేమిటి?" ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కొండల కింది ఫ్రెస్నోలో 38 డిగ్రీల ఎండ కాస్తుంటే టువాలమీలో పగలు 20 చుట్టూ ఉంటుంది. పొద్దు వాలాక పలచని పొడి గాలి ఆ వేడిని నిలుపుకోదు. నడి వేసవిలో కూడా రాత్రి సున్నా దగ్గరికి పడిపోయే రోజులుంటాయి. కాన్వాస్ గోడ గాలిని ఆపుతుంది, చలిని ఆపదు. పగలు ఇదే పలచని గాలి అతినీలలోహిత కిరణాలను ఎక్కువగా వదిలి చర్మాన్ని మాడుస్తుంది కాబట్టి టోపీ, స్వెటర్ రెండూ ఒకే సంచిలో ఉండాలి.

చలి స్వయంగా చేసే హాని కన్నా చలికి భయపడి చేసే పని ప్రమాదం. కుటుంబమంతా ఒకే గదిలో చేరి, తలుపులు బిగించి, కిటికీల సందుల్లో తువ్వాళ్లు కుక్కి, లోపల ఏదో ఒకటి వెలిగిస్తారు. గ్యాస్ హీటరు కావచ్చు, సాయంత్రం బార్బెక్యూలో మిగిలిన నిప్పులు కావచ్చు. మూసిన గదిలో మండే ప్రతిదీ కార్బన్ మోనాక్సైడ్‌ను వదలగలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. 2020 జనవరిలో నేపాల్‌లో సుమారు 2,300 మీటర్ల ఎత్తున్న దామన్‌లో కేరళ నుంచి వెళ్లిన పర్యాటకులు చలికి ఒకే గదిలో చేరి, గ్యాస్ హీటరు పెట్టుకుని, తలుపూ కిటికీలూ మూసుకుని పడుకున్నారు. 8 మంది చనిపోయారు. వారిలో నలుగురు పిల్లలు. వారికి కప్పు ఉంది, మంచాలున్నాయి, గోడలు గట్టివి. బుకింగ్ కూడా ఉంది.

కప్పే ప్రమాదాన్ని పెంచే రెండిటిలో ఇది మొదటిది. ఆరుబయట నెగడు పక్కన కూర్చున్నవారికి పొగ కళ్లలో పడుతుంది, అంతే. అదే నిప్పు గదిలోకి వస్తే ప్రాణం తీస్తుంది. విషవాయువు మొదటి గుర్తులు కూడా తలనొప్పి, వికారమే. ఘాట్ రోడ్డు, ఎత్తు, విషవాయువు మూడూ ఒకే ముఖంతో వస్తాయి కాబట్టి, "మలుపుల వల్లలే, పడుకో" అన్న సలహా మూడో సందర్భంలో మరణశాసనం. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం అరచేతిలో పడుతుంది. కట్టెల పొయ్యి ఉన్న క్యాబిన్‌లో గొట్టం తెరిచి ఉందో లేదో చూడడానికి నిమిషం పట్టదు. మందమైన స్లీపింగ్ బ్యాగులు తెచ్చుకున్నవారికి హీటరుతో పనే పడదు. ఈ మూడూ ఇంటి దగ్గర ఆలోచించాల్సినవి.

4. ఉడకని పప్పు

వంట చిన్న విషయంగా కనిపిస్తుంది. 2,600 మీటర్ల దగ్గర నీళ్లు దాదాపు 91 డిగ్రీలకే మరిగిపోతాయి. తెర్లుతూ కనిపించినా అవి ఇంటి దగ్గరి మరిగే నీళ్లు కావు. మంట ఎంత పెంచినా వేడి పెరగదు, నీళ్లు ఆవిరవుతాయి. మూత పెట్టిన గిన్నెలో కందిపప్పు గంటలు గడిచినా పలుకు మీదే ఉంటుంది, అన్నం పైన మెత్తగా, లోపల బిరుసుగా వస్తుంది. మామూలు విజిల్ కుక్కర్ ఒక్కటుంటే ఈ బాధ దాదాపు పోతుంది. దానిలో అక్కడ కూడా 115 డిగ్రీలు దాటుతుంది. గ్యాస్ స్టవ్ మీద పెట్టే చిన్న కుక్కర్ ఇంట్లో వదిలేసి, కరెంటు కుక్కర్ కొండకు మోసుకెళ్లడం ఈ ప్రయాణాల్లో తరచు జరిగే తప్పు. తాగునీటికీ ఇదే సూత్రం: వాగు నీళ్లు కాచి తాగాల్సి వస్తే పల్లంలో ఒక నిమిషం తెర్లితే చాలు, 2,000 మీటర్లు దాటాక మూడు నిమిషాలు తెర్లాలని సీడీసీ చెబుతుంది. పులిహోర, రొట్టెలు, ఊరగాయ పట్టుకెళ్లే పాత అలవాటు ఈ ఒక్క చోట సైన్సుకు అనుకూలంగా ఉంది. ఆ ఊరగాయే తర్వాతి ఇబ్బందికి మొదలు.

5. ఎలుగుబంటి బయట, ఎలుక లోపల

కాలిఫోర్నియా జెండా మీద ఉన్న గ్రిజ్లీ ఎలుగు ఆ రాష్ట్రంలో అంతరించి సుమారు నూరేళ్లయింది. ఇప్పుడు ఉన్నవి నల్ల ఎలుగులు, ఒంటి రంగు గోధుమ అయినా జాతి అదే. అవి మనుషుల జోలికి రావడం అరుదు, తిండి జోలికి రావడం మామూలు. అందుకే యోసెమిటీలో రాత్రిపూట కారులో తిండి ఉంచకూడదు, కాన్వాస్ క్యాబిన్లలో ఉంచకూడదు. ఇనుప లాకర్లలో పెట్టి గడియ వేయాలి. 'తిండి' అంటే వాసన వచ్చే ప్రతిదీ: టూత్‌పేస్టు, సబ్బు, పసిపిల్లల వైప్స్, ఖాళీ చిప్స్ పాకెట్టు. బిగించిన ఆవకాయ జాడీని మనిషి ముక్కు గుర్తించకపోవచ్చు, ఎలుగు ముక్కు గుర్తిస్తుంది. నాలుగు కుటుంబాల ఐస్ బాక్సులు ఒక లాకరులో పట్టవు. ఆ కొలతలు ముందే చూసుకోనివారు రాత్రి పదింటికి మిగిలిన డబ్బాలను కారు డిక్కీలోకి తోస్తారు. తిండికి అలవాటుపడ్డ ఎలుగును చివరికి చంపాల్సి రావచ్చు. ఆ పాపం డిక్కీలో డబ్బా పెట్టినవారిదే.

క్యాబిన్ భద్రం అన్న నమ్మకాన్ని పూర్తిగా తలకిందులు చేసేది మాత్రం ఎలుగు కాదు, ఎలుక. 2012 వేసవిలో యోసెమిటీ సందర్శకుల్లో 10 మందికి హాంటావైరస్ సోకింది, ముగ్గురు చనిపోయారు. వారిలో తొమ్మిది మంది బస చేసింది కర్రీ విలేజ్‌లోని రెండు పొరల గోడలున్న టెంట్ క్యాబిన్లలో. చలి ఆపడానికి రెండు పొరల మధ్య పెట్టిన దళసరి కూర్పులో డీర్ మౌస్ అనే అడవి ఎలుకలు గూళ్లు కట్టాయి. ఆ ఎలుకల రెట్టలు ఎండి, దుమ్మై, గాలిలో లేచి ఊపిరిలోకి వెళ్లాయి. నేల మీద టెంట్ వేసుకున్నవారి కన్నా సౌకర్యంగా పడుకున్నవారికి వచ్చిన జబ్బు ఇది. కప్పు పెంచే రెండో ప్రమాదం. నెలల తరబడి మూసి ఉన్న క్యాబిన్ తలుపు తీయగానే చీపురు పట్టి ఊడ్వడం తెలుగిళ్లలో అలవాటు. ఇక్కడ మాత్రం చేయకూడని పని అదే. తలుపులు, కిటికీలు తెరిచి అరగంట గాలి ఆడనివ్వాలి, చేతులకు గ్లవ్స్ వేసుకోవాలి, రెట్టలు కనిపిస్తే బ్లీచింగ్ నీళ్లు చల్లి నానబెట్టి, తడిగుడ్డతో తీయాలి. గ్లవ్స్, బ్లీచ్ సామాను జాబితాలో లేకపోతే అక్కడ ఎవరూ ఇవ్వరు.

6. క్యాబిన్ ఉంది, దారి లేదు

టువాలమీ మీదుగా వెళ్లే టయోగా రోడ్డు 3,031 మీటర్ల కనుమను దాటుతుంది. మంచు వల్ల నవంబరు నుంచి మామూలుగా మే చివరి వరకో జూన్ వరకో మూసి ఉంటుంది. 2023లో జూలై 22 దాకా తెరవలేదు. ఆరు నెలల ముందు జనవరిలో బుక్ చేసినవారికి ఆ సంగతి తెలిసే మార్గమే లేదు. కాబట్టి ప్రతి బుకింగ్‌కూ దిగువన ఇంకో చోటు మనసులో ఉండాలి. శీతాకాలపు దారుల్లో స్నో చెయిన్ల నిబంధన మూడు మెట్లుగా ఉంటుంది, వాటిలో మూడోదానికి మినహాయింపులే లేవు. నాలుగు చక్రాలకూ శక్తి అందే ఎస్‌యూవీ ఉంది కదా అనేవారికి కూడా చెయిన్లు కారులో ఉండాలనేది చట్టం. అవి కొని అట్టపెట్టె విప్పకుండా తెచ్చి, మంచు కురుస్తుండగా రోడ్డు పక్కన ఫోన్‌లో వీడియో చూసి బిగించబోవడం, అక్కడ సిగ్నల్ లేదని అప్పుడు గ్రహించడం ప్రతి శీతాకాలమూ కనిపించే దృశ్యం.

వేసవిలో మంచు బదులు మంట. 2020 లేబర్ డే లాంగ్ వీకెండ్‌లో సియెరా నేషనల్ ఫారెస్ట్‌లో క్రీక్ ఫైర్ పుట్టింది. మామత్ పూల్ జలాశయం దగ్గర సెలవు గడుపుతున్నవారికి బయటకు వచ్చే దారిని మంటలు మూసేశాయి. పొగలో, చీకట్లో సైనిక హెలికాప్టర్లు 200 మందికి పైగా మనుషులను ఎత్తుకు రావాల్సి వచ్చింది. వారు చేసిన తప్పేమీ లేదు. కానీ ఆ అడవుల్లోకి వెళ్లే చాలా క్యాబిన్ దారులు ఒక్కటే దారి అన్న సంగతి ఎవరికైనా పటం చూస్తే తెలుస్తుంది, బుకింగ్ పేజీ చూస్తే తెలియదు. పటం ఫోన్‌లో ముందే దింపుకోవాలి, ఏ రోజు ఏ గంటకు తిరిగి రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఇంటి దగ్గర ఒకరికి చెప్పి వెళ్లాలి. కట్టెలు ఇంటి నుంచి మోసుకెళ్లకూడదు, చెట్లను తొలిచే పురుగులు వాటితో ప్రయాణిస్తాయి. అక్కడే కొనాలి, నిప్పు నిషేధం లేని రోజునే కాల్చాలి.

7. ఇంతమంది వెళ్లొచ్చారు కదా

మూడో కారణం మిగిలింది. నాలుగింట ఒకరికి జబ్బు అన్న లెక్కనే తీసుకుంటే, నలుగురున్న కారులో ఒక్కరికీ ఏమీ కాకుండా తిరిగొచ్చే అవకాశం దాదాపు మూడింట ఒక వంతు. (ఒకే కుటుంబం వారికి కొంత ఒకేలా జరుగుతుంది కాబట్టి లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది.) అంటే ఏ జాగ్రత్తా తీసుకోకుండా వెళ్లిన మూడు కార్లలో ఒకటి నవ్వుతూ ఇంటికి చేరుతుంది. శనివారం పాట్‌లక్‌లో ఫొటోలు చూపించేది ఆ కారే. మిగతా రెండు కార్లలో రాత్రంతా తల పట్టుకుని కూర్చున్నవారు కూడా "కాస్త కళ్లు తిరిగాయి" అని మాత్రమే చెబుతారు, ఎందుకంటే తమకేమైందో వారికే తెలియదు. ఏమీ కాలేదన్న సాక్ష్యంలో సగం ఏమైందో గుర్తించకపోవడం వల్ల పుట్టింది. దాన్ని ఋజువుగా తీసుకోవడం, హెల్మెట్ లేకుండా పదేళ్లు బండి నడిపిన మనిషిని చూపించి హెల్మెట్ అనవసరం అనడంతో సమానం.

ఈ అభిప్రాయం చేసే అసలు నష్టం ఇంకోటి. ప్రయాణమంటే క్యాబినే అనుకున్నవారికి క్యాబిన్ పోతే ప్రయాణం పోయినట్టే. మంచు తుపాను హెచ్చరిక వచ్చినా, పెద్దాయనకు దగ్గు మొదలైనా, పక్క లోయలో పొగ కనిపిస్తున్నా, వెనక్కి రాని మూడు రాత్రుల అద్దె కళ్ల ముందు ఆడుతుంది. వెళ్లకూడదని తెలిసే బయల్దేరతారు. ఆరు నెలల ముందు గెలిచిన బుకింగ్ ఎంత విలువైనదనిపిస్తే, దాన్ని వదులుకోవడం అంత కష్టం. క్యాబిన్ దొరకడమే కష్టమైన పని అన్న రెండో కారణం ఇలా సొంత బరువుతోనే కూలిపోతుంది. నిజంగా కష్టమైన పని దొరికిన క్యాబిన్‌ను వదిలేయగలగడం.

కాబట్టి క్రమం తిరగబడాలి. ఎవరెవరు వస్తున్నారు, వారిలో ఎవరి గుండె, ఎవరి ఊపిరి డాక్టరు చూడాలి అన్నది మొదటిది. వారు ఏ ఎత్తులో పడుకోవచ్చు, దారిలో ఎక్కడ ఒక రాత్రి ఆగాలి అన్నది రెండోది. ఆ నెలలో ఆ దారి తెరిచి ఉంటుందా, మూసుకుంటే ఎటు అన్నది మూడోది. ఈ మూడూ తేలాక, ఆ ఎత్తులో, ఆ దారిలో, కరెంటూ నీళ్లూ పొయ్యీ ఏమున్నాయో చదివి క్యాబిన్ వెతకాలి. బుకింగ్ ఆరు నెలల ముందు కాబట్టి ఆలోచన అంతకన్నా ముందు మొదలవ్వాలి. ముందు బుక్ చేసుకోవాలి, మిగతాది తర్వాత అనే తొందర వాదానికి ఇదే జవాబు: బుకింగ్ తొందర పెట్టే కొద్దీ ప్లాన్ ఇంకా ముందుకు జరుగుతుంది, వెనక్కి కాదు. అద్దె తిరిగి రాదన్న కాగితం మీద సంతకం చేసేటప్పుడే, ఏయే పరిస్థితుల్లో ఆ డబ్బు వదిలేస్తామో ఇంట్లో అందరి ముందూ తేల్చుకోవాలి.

చివరి ఏర్పాటు పైన ఉన్న ప్రతి రాత్రికీ సంబంధించింది. ఒక కారు ట్యాంకు నిండుగా, లోయ వైపు తిప్పి నిలిపి ఉండాలి. దాన్ని నడపగల ఒకరు ఆ రాత్రి మద్యం ముట్టకూడదు. తూలుతూ నడుస్తున్నవారిని, మాట తడబడుతున్నవారిని, కూర్చున్నచోటే ఆయాసపడుతున్నవారిని తెల్లారేదాకా ఉంచకుండా కిందికి దించాలి. టువాలమీ మెడోస్ నుంచి యోసెమిటీ వ్యాలీకి 1,400 మీటర్ల దిగుడు, కారులో గంటన్నర.